బేర్ బ్రయంట్

పాల్ విలియం బ్రయంట్ (సెప్టెంబరు 11, 1913 - జనవరి 26, 1983) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ కళాశాల ఫుట్‌బాల్ శిక్షకుడు. బేర్ బ్రయంట్ అనే పేరుతోనే లోకానికి ఎక్కువగా తెలుసు. బేర్ అనగా ఎలుగుబంటి. 1945 నుండి 1982 వరకు 38 క్రీడా సంవత్సరాలు మేరీలాండ్, కెంటకీ, టెక్సాస్ ఏ అండ్ ఎం, అలబామా విశ్వవిద్యాలయాల జట్లకు ప్రధాన శిక్షకునిగా పనిచేశాడు. ఇతని జట్లు 323 పోటీలలో గెలిచి, 85 పోటీలలో ఓడి, 17 పోటీలను సమంగా ముగించాయి. అలబామాలో పనిచేసిన 25 సంవత్సరాలలో ఆ జట్టు ఆరుసార్లు (1961, 1964, 1965, 1973, 1978, 1979) జాతీయ విజేతగా గుర్తింపు పొందింది.

రక్షణ ఆటకు పేరుపొందిన ఈ శిక్షకుని జట్టే 1969, 1970 సంవత్సరాలలో ప్రత్యర్థుల క్వార్టర్‌బాక్‌లను అదుపు చేయలేక చతికిలబడింది. ఆ వైఫల్యం నుండి తేరుకోవడానికి బ్రయంట్ తన ఆట పద్ధతిని మార్చుకున్నాడు. శ్వేతజాతి యువకులతో మాత్రమే నిండి ఉన్న జట్టు తలుపులను నల్లజాతి యువకులకు తెరిచాడు. అందువలన ఆ రెండు సంవత్సరాలు ఇతని జీవితంలోనే గాక అమెరికా దక్షిణ రాష్ట్రాల క్రీడా చరిత్రలో కూడా ముఖ్యమైనవి.

ఆట స్వరూపం

అమెరికన్ ఫుట్‌బాల్ మన దేశంలో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెత్తడం, చేతితో విసరడం ఇందులో ప్రధానం. ఒక్కొక్క జట్టుకు 11 మంది మైదానంలో ఉంటారు. బంతి తమ వద్ద ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగితే మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. లేనిచో బంతి ఎదుటి జట్టు వశమవుతుంది.

దాడి చేసే జట్టుకు సూత్రధారి క్వార్టర్‌బాక్. తన ముందు వరుస వెనుక నిలబడి బంతిని అందుకొని, దానిని పక్కవానికి ఇవ్వడమో, తానే పరుగెత్తడమో, దూరంగా ఉన్న సహచరునికి విసరడమో చేస్తాడు. మూడు నాలుగు సెకన్ల నిశ్చింత లభిస్తే చాలు, మంచి క్వార్టర్‌బాక్ ఎంతటి రక్షణనైనా ఛేదించగలడు. ఆ నిశ్చింత దొరకకుండా చేయడం రక్షణ జట్టు ముందు వరుసలోని టాకిల్‌ల పని, ఆ వరుస రెండు చివరలా నిలబడే ఎండ్‌ల పని. వీరు ఎదుటి వరుసను చీల్చుకొని క్వార్టర్‌బాక్ మీదికి దూకాలి. బంతి విసరకముందే అతనిని పడగొడితే దానిని సాక్ అంటారు. అతని సొంత గోల్ గీత వెనుక పడగొడితే సేఫ్టీ అంటారు, అప్పుడు రక్షణ జట్టుకే రెండు పాయింట్లు లభిస్తాయి. ఈ ముట్టడి విఫలమైతే వెనుక ఉన్న రక్షకులు ఎంత సమర్థులైనా ప్రయోజనం ఉండదు.

కళాశాల పోటీలలో సాక్‌లను అధికారికంగా లెక్కించడం 2000 సంవత్సరంలో మొదలైంది. కాబట్టి బ్రయంట్ కాలంలో ముట్టడి ఎలా సాగిందో పాయింట్లను బట్టి, ప్రత్యర్థులు విసిరిన బంతులు సాధించిన గజాలను బట్టి అంచనా వేయవలసి ఉంటుంది.

బాల్యం, విద్యాభ్యాసం

బ్రయంట్ ఆర్కన్సా రాష్ట్రంలోని మోరో బాటమ్ అనే పల్లె ప్రాంతంలో పేద వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. పన్నెండు మంది సంతానంలో ఇతడు పదకొండవవాడు. పదమూడేళ్ళ వయసులో సమీపంలోని ఫోర్డైస్ పట్టణానికి వచ్చిన ఒక ప్రదర్శనలో ఎలుగుబంటితో కుస్తీ పట్టడానికి సిద్ధపడ్డాడని, అప్పటి నుండి బేర్ అనే పేరు స్థిరపడిందని చెబుతారు. ఫోర్డైస్ ఉన్నత పాఠశాల జట్టులో ఆడాడు. ఆ జట్టు 1930లో రాష్ట్ర విజేతగా నిలిచింది.

1931లో అలబామా విశ్వవిద్యాలయం ఉన్న టస్కలూసా పట్టణానికి చేరుకొని, మిగిలిన పాఠశాల చదువు అక్కడే పూర్తిచేసి, తరువాత విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. శిక్షకుడు ఫ్రాంక్ థామస్ వద్ద ఎండ్ స్థానంలో ఆడాడు. రెండవ చివర ఆడిన డాన్ హట్సన్ దేశవ్యాప్తంగా పేరుపొందిన క్రీడాకారుడు కావడంతో బ్రయంట్‌ను రెండవ ఎండ్‌గానే పిలిచేవారు. ఆ రోజులలో ఒకే ఆటగాడు దాడిలోనూ, రక్షణలోనూ ఆడవలసి ఉండేది. కాబట్టి బంతి విసిరే వానిని తరమడం ఇతనికి స్వానుభవంతో తెలిసిన విద్య. 1934 క్రీడా సంవత్సరంలో ఓటమి ఎరుగని అలబామా జట్టు, 1935 జనవరి 1న రోజ్ బౌల్ పోటీలో స్టాన్‌ఫర్డ్‌ను 29-13 తేడాతో ఓడించింది. 1935లో టెనెసీతో జరిగిన పోటీలో కాలి ఎముక విరిగి ఉండగానే బ్రయంట్ ఆడాడు. అదే సంవత్సరం మేరీ హార్మన్ బ్లాక్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు.

తొలి శిక్షణ సంవత్సరాలు

1936 నుండి నాలుగేళ్ళు అలబామాలోనూ, తరువాత రెండేళ్ళు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలోనూ సహాయ శిక్షకునిగా పనిచేశాడు. 1941 డిసెంబరులో పెరల్ హార్బర్ దాడి జరిగిన తరువాత నౌకాదళంలో చేరాడు. యుద్ధం ముగిసిన 1945లో మేరీలాండ్ జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు. తాను క్రమశిక్షణ కింద తొలగించిన ఆటగానిని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు తిరిగి చేర్చుకోవడంతో ఒక్క సంవత్సరానికే ఆ పదవిని వదులుకున్నాడు.

1946 నుండి 1953 వరకు కెంటకీ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1951 జనవరి 1న జరిగిన షుగర్ బౌల్ పోటీ అక్కడి విజయాలలో ప్రసిద్ధమైనది. ఎదుటి జట్టు ఓక్లహోమా అప్పటికి వరుసగా 31 పోటీలు గెలిచి ఉంది. బ్రయంట్ తన రక్షణ ముందు వరుసలో మామూలు కంటే ఎక్కువ మంది టాకిల్‌లను నిలిపాడు. టాకిల్ అయిన వాల్ట్ యవార్‌స్కీని ఎండ్ స్థానానికి మార్చాడు. బంతి చేతిలోకి రాగానే మీదికి వచ్చిపడే ఈ వరుసను ఓక్లహోమా తట్టుకోలేకపోయింది. కెంటకీ 13-7తో గెలిచింది. ఉత్తమ ఆటగాని బహుమతి యవార్‌స్కీకి దక్కింది. పోటీ ఫలితాన్ని ముందు వరుసే నిర్ణయిస్తుందన్న బ్రయంట్ నమ్మకానికి ఈ పోటీ నిదర్శనంగా నిలిచింది.

1954లో టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టు బాధ్యత స్వీకరించాడు. ఆ వేసవి చివరలో, కరవుతో ఎండిపోయిన జంక్షన్ అనే ఊరిలో పది రోజుల శిబిరం నిర్వహించాడు. మండుటెండలో, సాధన మధ్యలో మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా సాగిన ఆ శిబిరం నుండి సగానికి పైగా యువకులు వెళ్ళిపోయారు. మిగిలినవారికి జంక్షన్ బాయ్స్ అనే పేరు వచ్చింది. ఆ సంవత్సరం జట్టు ఒక్క పోటీలో గెలిచి తొమ్మిదింటిలో ఓడింది. బ్రయంట్ శిక్షక జీవితంలో విజయాల కంటే అపజయాలు ఎక్కువైన సంవత్సరం అదొక్కటే. రెండేళ్ళ తరువాత 1956లో అదే జట్టు తన కూటమిలో విజేతగా నిలిచింది. జంక్షన్ శిబిరాన్ని పట్టుదలకు ఉదాహరణగా చెప్పేవారూ ఉన్నారు, క్రూరమైన పద్ధతిగా ఖండించేవారూ ఉన్నారు.

అలబామాలో తొలి వైభవం

1955 నుండి 1957 వరకు మూడేళ్ళలో కలిపి అలబామా జట్టు నాలుగు పోటీలు మాత్రమే గెలిచింది. తాను చదువుకున్న విశ్వవిద్యాలయం పిలుపు మేరకు బ్రయంట్ 1958లో అక్కడికి తిరిగి వచ్చాడు. నాలుగవ సంవత్సరానికే, అనగా 1961లో, జట్టు 11 పోటీలకు 11 గెలిచి జాతీయ విజేత అయింది. ఆ సంవత్సరం మొత్తం మీద ప్రత్యర్థులందరూ కలిసి సాధించినవి 25 పాయింట్లు మాత్రమే. ముందు వరుసలో బిల్లీ నైబర్స్, దాని వెనుక లీ రాయ్ జోర్డాన్ ఆ రక్షణకు మూలస్తంభాలు.

బ్రయంట్ ఆనాడు ఎంచుకున్నది భారీ కాయులను కాదు. తక్కువ బరువు, ఎక్కువ వేగం, అలుపెరుగని ఓపిక గల యువకులను ఏరుకున్నాడు. ఆటగాళ్ళను మార్చడంపై పరిమితులున్న ఆ కాలపు నిబంధనలకు ఈ ఎంపిక చక్కగా సరిపోయింది. ఎందుకంటే ఒకే వ్యక్తి దాడిలోనూ, రక్షణలోనూ పోటీ అంతా పరుగెత్తవలసి ఉండేది. క్వార్టర్‌బాక్ జో నేమత్ ఆడిన 1964లోనూ, స్టీవ్ స్లోన్ ఆడిన 1965లోనూ జట్టు మరల జాతీయ విజేత అయింది. 1966లో అన్ని పోటీలూ గెలిచినా జాతీయ జాబితాలో మూడవ స్థానమే లభించింది.

1969, 1970: ముట్టడి విఫలమైన సంవత్సరాలు

1965 నాటికి ఆటగాళ్ళను స్వేచ్ఛగా మార్చుకొనే వీలు కలిగింది. దాడికి వేరు, రక్షణకు వేరు ఆటగాళ్ళు ఏర్పడ్డారు. ముందు వరుసలు భారీగా తయారయ్యాయి. బంతి విసిరే ఆట పెరిగింది. చురుకైన చిన్న ఆటగాళ్ళతో గెలిచిన బ్రయంట్ పద్ధతికి కాలం చెల్లుతూ వచ్చింది.

1969 అక్టోబరు 4న బర్మింగ్‌హామ్ నగరంలో మిసిసిపీ విశ్వవిద్యాలయంతో జరిగిన పోటీని దేశమంతా టెలివిజన్‌లో చూసింది. మిసిసిపీ క్వార్టర్‌బాక్ ఆర్చీ మానింగ్ 52 సార్లు బంతి విసరగా 33 సార్లు అది సహచరుని చేతికి చేరింది. విసిరిన బంతులతో 436 గజాలు, తానే పరుగెత్తి 104 గజాలు, మొత్తం 540 గజాలు అతడొక్కడే సాధించాడు. అలబామా ఎండ్‌లు దగ్గరకు రాగానే పక్కకు తప్పుకొని పరుగెత్తడం, పరుగెత్తుతూనే బంతి విసరడం అతని ప్రత్యేకత. అలబామా 33-32తో ఒక్క పాయింటు తేడాతో గెలిచింది గాని, జట్టు బలహీనత అందరికీ తేటతెల్లమైంది.

తరువాతి వారంలో వాండర్‌బిల్ట్ చేతిలో 14-10తో అలబామా ఓడింది. టెనెసీ 41 పాయింట్లు, పాట్ సలివాన్ క్వార్టర్‌బాక్‌గా ఆడిన ఆబర్న్ 49 పాయింట్లు, లిబర్టీ బౌల్‌లో కొలరాడో 47 పాయింట్లు సాధించాయి. ఎనిమిదేళ్ళ క్రితం సంవత్సరమంతటికీ 25 పాయింట్లు ఇచ్చిన జట్టు, ఇప్పుడు ఒక్క పోటీలోనే దానికి దాదాపు రెట్టింపు ఇచ్చే స్థితికి వచ్చింది. ఓడలు బండ్లయ్యాయి. ఆ సంవత్సరం 6 విజయాలు, 5 అపజయాలు. బ్రయంట్ పని అయిపోయిందని పత్రికలలో వ్యాఖ్యలు వచ్చాయి. వృత్తి క్రీడా జట్టు అయిన మయామీ డాల్ఫిన్స్‌కు వెళ్ళే ఆలోచన చేసి విరమించుకున్నాడు.

1970లోనూ పరిస్థితి మారలేదు. మానింగ్ నాయకత్వంలో మిసిసిపీ ఈసారి 48-23తో గెలిచింది. టెనెసీపై అలబామా ఒక్క పాయింటైనా సాధించలేక 24-0తో ఓడింది. ఆబర్న్ మరల గెలిచింది. సంవత్సరాంతానికి 6 విజయాలు, 5 అపజయాలు, ఒకటి సమం.

వర్ణ వివక్ష, జట్టులో మార్పు

ఈ బలహీనతకు ఆట పద్ధతి ఒక్కటే కారణం కాదు. అలబామా విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థుల ప్రవేశాన్ని రాష్ట్ర గవర్నరు జార్జ్ వాలెస్ 1963లో స్వయంగా ద్వారం వద్ద నిలబడి అడ్డుకోజూశాడు. విద్యార్థులు ప్రవేశించిన తరువాత కూడా ఫుట్‌బాల్ జట్టు చాలాకాలం శ్వేతజాతీయులదిగానే మిగిలింది. రాష్ట్రంలోని సమర్థులైన నల్లజాతి యువకులు నల్లజాతి కళాశాలలకో, దూర రాష్ట్రాలకో వెళ్ళవలసి వచ్చేది. అనగా బ్రయంట్ తన ముందు వరుసకు కావలసిన బలాన్ని తన ఇంటి ముందే వదులుకుంటూ వచ్చాడు. 1967లో కొందరు నల్లజాతి విద్యార్థులు ఉపకార వేతనం లేకుండానే సాధనలో పాల్గొన్నా పోటీలలో ఆడలేదు. 1969లో నల్లజాతి విద్యార్థుల సంఘం ఈ విషయమై న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

ఫుట్‌బాల్ ఉపకార వేతనంపై చేరిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు విల్బర్ జాక్సన్. 1970లో చేరిన అతడు మొదటి సంవత్సరం విద్యార్థి కావడం వలన ఆనాటి నిబంధనల ప్రకారం ప్రధాన జట్టులో ఆడలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 12న నల్లజాతి క్రీడాకారులు అధికంగా ఉన్న సదరన్ కాలిఫోర్నియా జట్టు బర్మింగ్‌హామ్‌కు వచ్చి 42-21తో గెలిచింది. ఆ జట్టు క్వార్టర్‌బాక్ జిమ్మీ జోన్స్, 135 గజాలు పరుగెత్తిన శామ్ కన్నింగ్‌హామ్ ఇద్దరూ నల్లజాతివారే. ఈ పోటీయే అలబామా జట్టులో మార్పు తెచ్చిందని విస్తృతంగా ప్రచారంలో ఉంది. కాని జాక్సన్ అప్పటికే విశ్వవిద్యాలయంలో చేరి ఉన్నాడు. మార్పును అభిమానులు అంగీకరించడానికి ఆ ఓటమి తోడ్పడిందనడం సమంజసం.

అసలైన లోటును తీర్చినవాడు జాన్ మిచెల్. అలబామా రాష్ట్రంలోని మొబీల్ నగరంలో పెరిగిన ఈ యువకుడు, సొంత రాష్ట్ర విశ్వవిద్యాలయం పిలవకపోవడంతో దూరాన ఉన్న అరిజోనాలోని రెండేళ్ళ కళాశాలలో ఆడుతున్నాడు. సదరన్ కాలిఫోర్నియా శిక్షకుడు, తన మిత్రుడు అయిన జాన్ మెకే మాటల్లో ఇతని పేరు విని బ్రయంట్ వెంటనే ఇతనిని జట్టులోకి తీసుకువచ్చాడని చెబుతారు. మిచెల్ ఆడింది రక్షణలోని ఎండ్ స్థానంలో, అనగా క్వార్టర్‌బాక్‌ను ముట్టడించే స్థానంలో. 1971 సెప్టెంబరు 10న లాస్ ఏంజెలెస్‌లో అదే సదరన్ కాలిఫోర్నియాపై ఆడి, అలబామా ప్రధాన జట్టు తరఫున మైదానంలో దిగిన మొదటి నల్లజాతి క్రీడాకారుడయ్యాడు. అలబామా 17-10తో గెలిచింది. అది బ్రయంట్‌కు 200వ విజయం. 1972లో మిచెల్ జట్టు నాయకులలో ఒకడయ్యాడు. 1973లో ఆ విశ్వవిద్యాలయంలో మొదటి నల్లజాతి సహాయ శిక్షకుడయ్యాడు.

విష్‌బోన్ పద్ధతి

1971 వేసవిలో బ్రయంట్ మరొక నిర్ణయం తీసుకున్నాడు. టెక్సాస్ శిక్షకుడు డారెల్ రాయల్ సహాయంతో విష్‌బోన్ అనే దాడి పద్ధతిని నేర్చుకొని, సాధన మైదానం చుట్టూ తెరలు కట్టించి రహస్యంగా జట్టుకు నేర్పాడు. ఇందులో బంతి విసరడం తక్కువ, పరుగు ఎక్కువ. దీని వలన బంతి చాలాసేపు తమ చేతిలోనే ఉంటుంది. ఎదుటి క్వార్టర్‌బాక్ మైదానం బయట కూర్చున్నంతసేపు అతనిని ముట్టడించే అవసరమే ఉండదు. ముందు వరుసకు విశ్రాంతి దొరుకుతుంది గనుక, అవసరమైనప్పుడు కొత్త బలంతో దూకగలదు.

దీని ఫలితం 1971 నవంబరు 27న ఆబర్న్‌తో జరిగిన పోటీలో కనిపించింది. రెండు జట్లూ అప్పటివరకు ఓటమి ఎరుగవు. ఆబర్న్ క్వార్టర్‌బాక్ పాట్ సలివాన్‌కు రెండు రోజుల ముందే, దేశంలో ఉత్తమ కళాశాల క్రీడాకారునికి ఇచ్చే హైస్మన్ బహుమతి ప్రకటించారు. అంతకు ముందు రెండేళ్ళూ అలబామాను ఓడించిన సలివాన్ ఈసారి ఏమీ చేయలేకపోయాడు. అలబామా 31-7తో గెలిచింది. అయితే 1972 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో నెబ్రాస్కా చేతిలో 38-6తో ఓడడంతో చేయవలసిన పని ఇంకా ఉందని తేలింది.

1973 షుగర్ బౌల్

1973 డిసెంబరు 31న న్యూ ఆర్లియన్స్‌లో నోటర్ డామ్‌తో జరిగిన పోటీ బ్రయంట్ జీవితంలో మరువలేని ఓటమి. చివరి నిమిషాలలో నోటర్ డామ్ 24-23తో ఆధిక్యంలో ఉంది. అలబామా తన్నిన బంతి ఆ జట్టును దాని సొంత గోల్ గీత దగ్గరకు నెట్టింది. తన్నిన ఆటగానిని ఢీకొన్నందుకు లభించిన పెనాల్టీని బ్రయంట్ తీసుకోలేదు. తన రక్షణ జట్టు ప్రత్యర్థిని అక్కడే బంధిస్తుందని నమ్మాడు.

మూడవ ప్రయత్నంలో నోటర్ డామ్ క్వార్టర్‌బాక్ టామ్ క్లెమెంట్స్ తన గోల్ గీత వెనుకకు జరిగాడు. అక్కడ అతనిని పడగొట్టి ఉంటే అలబామాకు రెండు పాయింట్లు వచ్చి 25-24 అయ్యేది. కాని ముట్టడి అందే లోపే బంతి అతని చేతిని దాటింది. దానిని అందుకున్న రాబిన్ వెబర్ 35 గజాల దూరానికి చేర్చాడు. మిగిలిన కాలమంతా బంతిని తన వద్దే ఉంచుకొని నోటర్ డామ్ గెలిచింది. బౌల్ పోటీలకు ముందే జరిగిన శిక్షకుల ఓటింగు అలబామాను అప్పటికే జాతీయ విజేతగా ప్రకటించి ఉంది. 1974 నుండి ఆ ఓటింగును బౌల్ పోటీల తరువాతకు మార్చారు.

చివరి దశ

అనంతర సంవత్సరాలలో లెరాయ్ కుక్, మార్టీ లయన్స్, ఈ.జే. జూనియర్ వంటి ముందు వరుస ఆటగాళ్ళు జాతీయ స్థాయి గుర్తింపు పొందారు. 1979 జనవరి 1న పెన్ స్టేట్‌తో జరిగిన షుగర్ బౌల్‌లో చివరి భాగంలో, గోల్ గీతకు అడుగు దూరంలో ఉన్న ప్రత్యర్థిని బారీ క్రాస్, అతని సహచరులు ఆపివేశారు. అలబామా 14-7తో గెలిచి జాతీయ విజేత అయింది. 1979లో 12 పోటీలకు 12 గెలిచింది. 1971 నుండి 1979 వరకు తొమ్మిదేళ్ళలో జట్టు 97 పోటీలు గెలిచి 11 మాత్రమే ఓడింది.

1981 నవంబరు 28న ఆబర్న్‌పై 28-17తో సాధించిన 315వ విజయంతో, ఏమోస్ అలోంజో స్టాగ్ పేరిట ఉన్న 314 విజయాల రికార్డును బ్రయంట్ అధిగమించాడు. 1982 డిసెంబరు 29న మెంఫిస్‌లో ఇల్లినాయ్‌తో జరిగిన లిబర్టీ బౌల్ ఇతని చివరి పోటీ. ఇల్లినాయ్ క్వార్టర్‌బాక్ టోనీ ఈసన్ విసిరిన బంతులు 400 గజాలకు పైగా సాధించాయి. అయినా అలబామా రక్షకుడు జెరెమయా కాస్టిల్ మూడు బంతులను మధ్యలో పట్టుకొని ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. అలబామా 21-15తో గెలిచింది.

మరణం

పదవీ విరమణ తరువాత బ్రయంట్ ఎక్కువ కాలం జీవించలేదు. చివరి పోటీ జరిగిన 28 రోజులకు, 1983 జనవరి 26న టస్కలూసాలో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయసు 69 సంవత్సరాలు. బర్మింగ్‌హామ్‌లోని ఎల్మ్‌వుడ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. అంతిమయాత్ర సాగిన దారి పొడవునా వేలాది ప్రజలు నిలబడి వీడ్కోలు పలికారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ఇతనికి మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం ప్రకటించాడు.

మూల్యాంకనం

విజయాల సంఖ్యలో బ్రయంట్ రికార్డును 1985లో ఎడ్డీ రాబిన్సన్ దాటాడు. లూసియానాలోని నల్లజాతి విద్యాసంస్థ గ్రాంబ్లింగ్ శిక్షకుడైన రాబిన్సన్, దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలు కాదన్న యువకులతోనే గొప్ప జట్లను తయారుచేసినవాడు కావడం గమనించదగ్గ విషయం. జాతీయ విజేత బిరుదులలో బ్రయంట్ సంఖ్యను, అలబామాకే శిక్షకుడైన నిక్ సేబన్ 2020 క్రీడా సంవత్సరంలో సాధించిన ఏడవ బిరుదుతో మించాడు.

బ్రయంట్‌కు ఉన్న పలుకుబడితో నల్లజాతి క్రీడాకారులను మరికొన్నేళ్ళు ముందే జట్టులోకి తీసుకొని ఉండవచ్చునని విమర్శకుల అభిప్రాయం. రాష్ట్రంలోని ఆనాటి రాజకీయ వాతావరణంలో అది సాధ్యపడేది కాదని సమర్థకులు అంటారు. ఏది ఏమైనా, 57 ఏళ్ళ వయసులో, మూడు జాతీయ బిరుదులు సాధించిన తరువాత, తనను గెలిపించిన పద్ధతినే పక్కన పెట్టి కొత్త పాఠం నేర్చుకోవడానికి ఇతడు వెనుకాడలేదు. తరువాతి మూడు బిరుదులు ఆ మార్పు తరువాత వచ్చినవే.

విశేషాలు

గళ్ళ టోపీ బ్రయంట్‌కు గుర్తుగా మారింది. అభిమానులు అటువంటి టోపీలు ధరించి పోటీలకు రావడం ఇతని మరణం తరువాత కూడా కొనసాగింది.

1975లో టస్కలూసాలోని క్రీడా మైదానానికి బ్రయంట్ డెన్నీ స్టేడియం అని పేరు మార్చారు. జీవించి ఉండగానే శిక్షకుని పేరు పెట్టిన మైదానాలలో ఇది ఒకటి.

దేశంలో ఉత్తమ కళాశాల క్రీడాకారునికి ఇచ్చే హైస్మన్ బహుమతి బ్రయంట్ శిష్యులలో ఒక్కరికే, టెక్సాస్ ఏ అండ్ ఎం ఆటగాడు జాన్ డేవిడ్ క్రోకు, 1957లో లభించింది.

జంక్షన్ శిబిరంలో నిలిచిన జీన్ స్టాలింగ్స్ తరువాత శిక్షకుడై, 1992లో అలబామాను జాతీయ విజేతగా నిలిపాడు.